ఉమ్మడి కేటలాగుతో ఏడేళ్లు: మా తెలుగు పేర్లు ఖాళీ అయిపోయిన కథ

చాలా లైబ్రరీల పుస్తకాల వివరాలు ఒకే చోట చూపే ఉమ్మడి కేటలాగులో ఎలా చేరాలి, ఫైలు ఎలా ఎగుమతి చేయాలి అన్నవి లైబ్రరీ పనిలో ఉన్నవాళ్లకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఏడేళ్లుగా నెలనెలా మా పుస్తకాల వివరాలు, అంటే రికార్డులు, దానికి పంపుతున్నదాన్ని. నేను రాయదలచుకున్నది ఒక్క పోలిక గురించే. మనం పంపిన రికార్డూ, అక్కడ ముందే ఉన్న రికార్డూ ఒకే పుస్తకానివా కావా అని ఆ సిస్టమ్ తేల్చే పద్ధతి అది. దాని మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూస్తాను. మా పుస్తకాల్లో దాదాపు సగం తెలుగువి. వాటిలో ఎక్కువ భాగం 1990కి ముందు అచ్చయినవి, పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్ లేనివి. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకాలే ఎక్కువగా ఉన్న లైబ్రరీలకు నా అనుభవం ఎదురుకాకపోవచ్చు.

మొదటి రెండేళ్లు దీన్ని నేను మెచ్చుకోని చోటు లేదు. కామర్స్, కంప్యూటర్స్ టెక్స్ట్‌బుక్కులకు ఐఎస్‌బీఎన్ కొడితే రికార్డు తయారుగా వచ్చేది. మా లైబ్రరీ కోడు, ర్యాకులో చోటు చెప్పే కాల్ నంబరు, మా రిజిస్టర్లో పుస్తకానికి ఇచ్చిన అకెషన్ నంబరు తగిలిస్తే సరిపోయేది. అంతకుముందు ఒక్కో పుస్తకానికి పావుగంట పట్టేది. తోటి లైబ్రేరియన్లు ఫోన్ చేస్తే "కళ్లు మూసుకుని చేరండి" అని చెప్పాను. ఆ మాటలో "కళ్లు మూసుకుని" అన్నది ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మూడో ఏడు ఎండాకాలం సెలవుల్లో తెలుగు పుస్తకాల పని పట్టుకున్నాను. ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్ట మీది పేరు కాకుండా లోపలి ముఖపత్రం మీది పేరు చూసి, రికార్డులో పుస్తకం పేరు రాసే గడి అయిన 245 ఫీల్డులో తెలుగు లిపిలోనే టైపు చేశాను. రికార్డు మొదట్లో సంకేతాలుండే లీడర్‌లో తొమ్మిదో స్థానంలో "ఏ" ఉందో లేదో ప్రతి రికార్డుకూ చూసుకున్నాను. అది ఉంటేనే రికార్డు అన్ని లిపులకూ చోటున్న యూనికోడ్‌లో ఉన్నట్టు. లైబ్రరీ రికార్డుల్లో వాడే పాత మార్క్-8 అక్షర సంకేతాల్లో తెలుగుకు చోటే లేదు. అలా 640 రికార్డులు పంపితే రెండు రోజులకు రిపోర్టు వచ్చింది: తిరస్కరించినవి సున్నా, కొత్తవి 467, ముందే ఉన్నవాటితో కలిసినవి 173. చాలా సంతోషించాను. మా దగ్గరున్న 173 పాత పుస్తకాలు ఇంకెక్కడో కూడా బతికి ఉన్నాయి కదా అనుకున్నాను.

ఆ తర్వాత డిసెంబరులో ఒక రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి ఇష్యూ కౌంటర్ దగ్గరికి వచ్చింది. మంచిర్యాల నుంచి రైల్లో కాజీపేటలో దిగి, ఆటోలో వచ్చింది. ఒగ్గుకథ మీద పరిశోధన చేస్తోంది. ఫోన్‌లో ఉమ్మడి కేటలాగు పేజీ చూపించింది. 1979లో అచ్చయిన, 96 పేజీల ఒక చిన్న పుస్తకం. కింద రెండే లైబ్రరీల పేర్లు ఉన్నాయి. ఒకటి కోస్తాలో ఎక్కడో ఉంది, రెండోది మాది.

"మీ దగ్గర ఉన్నట్టు చూపెడుతుంది మేడమ్. పొద్దుగాల బండికి వచ్చిన" అంది.

"కూర్చో బిడ్డా, తెస్తాను" అని లోపలికి వెళ్లాను. ఆ పుస్తకం చూసిన గుర్తు నాకు లేదు. అయినా కేటలాగు చెబుతోంది, అకెషన్ నంబరు కూడా మాదే. ఆ నంబరు ఉన్న ర్యాక్ దగ్గరికి పోతే చేతికి వచ్చింది కోళ్ల పెంపకం మీద ఒక పుస్తకం. తప్పు చోట పెట్టారేమోనని జానపద సాహిత్యం ర్యాకులు మొత్తం వెతికాను. చివరికి అకెషన్ రిజిస్టర్ తీశాను. ఆ నంబరుకు ఎదురుగా నా కంటే ముందు పనిచేసిన మాస్టారి చేతిరాతలో కోళ్ల పెంపకం అనే ఉంది. సంవత్సరం 1979, పేజీలు 96.

ఆ అమ్మాయి ముందు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఒక రోజు పోయింది, చార్జీలు పోయాయి. తను ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కోస్తా లైబ్రరీ నంబరు పట్టుకుని అక్కడే కూర్చుని ఫోన్ చేశాను. తనకు కావలసిన అధ్యాయం ఫొటోకాపీ తీసి వాళ్లు పోస్టులో పంపారు. ఆ మేలు మరవలేను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఆ 173నూ ఒక్కొక్కటి తెరిచి చూడడం మొదలుపెట్టాను. మూడు వారాలు పట్టింది. 119 తప్పుగా కలిశాయి. బతుకమ్మ పాటల సంకలనం ఒకటి వ్యాకరణం గైడులో కలిసిపోయింది. నవల వెళ్లి హోమియో పుస్తకంలో కలిసింది. రికార్డు కలిసిపోతే మన పుస్తకం పేరు అక్కడ మిగలదు, మన లైబ్రరీ పేరు మాత్రం వేరే పుస్తకం కింద వేలాడుతూ ఉంటుంది. అంటే మా దగ్గర లేనివి ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు.

జాబితా కట్టి ఉమ్మడి కేటలాగు వాళ్లకు రాస్తే వారం తర్వాత వివరంగా జవాబు వచ్చింది. ఐఎస్‌బీఎన్ లేని పుస్తకానికి సిస్టమ్ ఒక తాళంచెవి లాంటిది తయారుచేసుకుంటుంది: భాష, పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం, పేజీల సంఖ్య. పేరులో రోమన్ అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ చుక్కలు, కామాల్లాగా ముందే తుడిచేస్తుంది. మా పేర్లు పూర్తిగా తెలుగులో ఉన్నాయి కనుక పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది తెలుగు, 1979, 96. ఆ కోస్తా లైబ్రరీ కూడా తెలుగులోనే టైపు చేసింది కాబట్టి వాళ్ల పేరూ ఖాళీయే. రెండు ఖాళీలు సరిపోయాయి.

పేజీల సంఖ్య అంత సులువుగా ఎలా కలిసిందని అడగొచ్చు. మన చిన్న పుస్తకాలు మామూలుగా పదహారు పేజీల ఫారాల్లో అచ్చవుతాయి. అందుకే 80, 96, 112, 128 మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రెస్సులో పనిచేసినవాళ్లకు ఇది తెలుసు. ఆ తాళంచెవి తయారుచేసినవాళ్లు దీన్ని ఆలోచించినట్టు లేదు.

పరిష్కారంగా వాళ్లు చెప్పింది: 245లో రోమన్ లిపిలో పేరు రాయండి, తెలుగు పేరును వేరే లిపి కోసం ఉన్న 880 ఫీల్డులో పెట్టి ఉపఫీల్డు 6తో జత చేయండి. లైబ్రరీ రికార్డులకు ప్రమాణమైన మార్క్ 21లో దీన్ని మోడల్ ఏ అంటారు. మూల లిపిని నేరుగా మామూలు ఫీల్డుల్లోనే రాయడం మోడల్ బీ. నేను చేసింది మోడల్ బీ. ప్రమాణం రెంటినీ ఒప్పుకుంటుంది. అంటే నా రికార్డులో తప్పు లేదు. నా కోపానికి మూలం ఇదే. తెలుగు పుస్తకానికి తెలుగు పేరే మొదటి పేరు. రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో వెలసిన ఊరు మాది. తెలుగు చదువుకు రాజ్యంలో ఆదరణ లేని నిజాం కాలంలో తెలుగు పేరుతో, తెలుగు పుస్తకాల కోసం పెట్టుకున్న గ్రంథాలయం అది. అలాంటి ఊళ్లో కూర్చుని తెలుగు పేరును పక్క ఫీల్డులోకి జరపడం నాకు మనసొప్పలేదు. అయినా జరిపాను. మంచిర్యాల నుంచి ఇంకెవరూ ఊరికే రాకూడదు కదా.

రోమన్‌లో రాయడం మొదలుపెట్టాక ఇంకో చిక్కు. మేం అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాడే లిప్యంతరీకరణ పట్టిక తీసుకున్నాం. అందులో దీర్ఘానికి పైన గీత, ణ, ళలకు కింద చుక్క. పోలిక మాత్రం గీతలూ చుక్కలూ తీసేసే చూస్తుంది. అలా చూస్తే కలం, కాలం ఒకటే. ఖాళీ కంటే నయం, అంతే.

ఈ పనిలోనే ఒక మంచి కూడా జరిగింది, అది రాయకపోతే అన్యాయం. అమెరికా మనకు ధాన్యం అమ్మగా ఇక్కడ కూడిన రూపాయలతో నడిచిన పీఎల్ 480 పథకం కింద 1962 నుంచి కాంగ్రెస్ లైబ్రరీ మన దేశపు పుస్తకాలు కొన్నది, తెలుగువి కూడా. మా అరవైల పుస్తకాలు కొన్నింటికి ముఖపత్రాలు చిరిగిపోయి ప్రచురణ సంవత్సరం తెలియలేదు. వాళ్ల రికార్డుల్లో దొరికింది. అట్ట ఊడిన ఒక నాటకం పేరు అలా తెలిసిన రోజు ఇంటికి వెళ్లి అందరికీ చెప్పాను.

రచయితల పేర్లను యంత్రం తనంతట విడదీస్తుందని అసలు నమ్మకండి. చిన్నగూడూరు అన్నదమ్ములు దాశరథి కృష్ణమాచార్య, దాశరథి రంగాచార్య ఇద్దరూ మా దగ్గర మొదట "దాశరథి" కిందే ఉండేవాళ్లు. అన్న కవిత్వం, తమ్ముడి నవలలు ఒకే శీర్షిక కింద. పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం (1925, 1928) చేర్చాకే విడిపోయారు. ఇది మా చేతుల్లోని తప్పు, ఉమ్మడి కేటలాగుది కాదు.

తప్పుగా కలిసిన 119 విడదీయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత తాళంచెవిని కూడా మార్చారు, పేరు ఖాళీ అయితే ఇప్పుడు కలపకుండా మనిషి చూడడానికి పక్కన పెడుతున్నారు. పట్టించుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తెలుగు లిపి పేర్లను తెలుగు లిపితోనే పోల్చడం ఇప్పటికీ లేదు.

చేరమంటారా అని అడిగితే, ఇంజినీరింగ్ కాలేజీ అయితే ఆలోచించనక్కర్లేదు. నాలాగా పాత తెలుగు పుస్తకాలు ఎక్కువగా ఉండి, ఒక్కరే పని చేసుకునేవాళ్లయితే ముందు ఇరవై రికార్డులు పంపి చూడండి. రిపోర్టులో తిరస్కరించినవాటిని అందరూ చూస్తారు, మీరు కలిసినవాటిని తెరవండి. మాకైతే ఇద్దరు విద్యార్థులు సాయం ఉన్నారు కాబట్టి నడుస్తోంది. వాళ్ల చదువు అయిపోతే ఏం చేస్తానో తెలియదు. ఈ నెల ఫైల్లో 38 ఉన్నాయి. 22 పేర్లు రోమన్‌లో రాయాల్సి ఉంది, అందుకే ఇంకా పంపలేదు.