తొమ్మిదేళ్ల టాయిట్: గోధుమ బీరే నా కొలబద్ద

ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడిన నాటి నుంచి, అంటే తొమ్మిదేళ్లుగా, ఇందిరానగర్ వంద అడుగుల రోడ్డులోని టాయిట్ బ్రూపబ్‌కు (తన బీరును తానే కాచి వడ్డించే పబ్) నెలకు ఒకటి రెండు సార్లయినా వెళ్తూనే ఉన్నాను. 2010లో మొదలైన ఈ చోటు గురించి ఒక్క సాయంత్రం గడిపి రాసిన సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి కనుక అక్కడి సంగీతం, వంటకాలు, కుర్చీల సంగతి నేను ఎత్తడం లేదు. అవే నాలుగైదు బీర్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తాగినవాడికి మాత్రమే తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి; ఈ సమీక్ష వాటికే పరిమితం.

మా నల్లగొండ ప్రాంతంలో నేను ఎరిగిన బీరు ఒక్కటే: సీసా మీద స్ట్రాంగ్ అని రాసి ఉండాలి, పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉండాలి, పక్కన పల్లీ మసాలా ఉండాలి. రుచి ఎలా ఉందని ఎవరూ అడిగేవారు కాదు, ఎందుకంటే అంత చల్లదనంలో నాలుకకు ఏ రుచీ తెలియదు. అందుకే టాయిట్‌లో మొదటిసారి గ్లాసు అందుకున్నప్పుడు ఇది సరిగ్గా చల్లబడలేదని విసుక్కున్నాను. బీరులోని సుగంధ పదార్థాలు కాస్త వెచ్చబడితేనే ఆవిరై ముక్కుకు అందుతాయని, గ్లాసు బల్ల మీద పది నిమిషాలు ఉంటే బీరు చెడిపోదు సరికదా కొత్త వాసనలు విప్పుతుందని గ్రహించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

అక్కడ దొరికే బీర్లలో నేను ఎక్కువగా తాగినదీ, నిజంగా తెలుసునని చెప్పుకోగలిగినదీ టాయిట్ వైస్. ఇది జర్మనీలోని బవేరియా పద్ధతిలో చేసే గోధుమ బీరు. ఆ పద్ధతిలో మాల్టులో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో, కనీసం సగం గోధుమ ఉంటుంది. వడకట్టరు కనుక బీరు కలి నీళ్లలా మసకగా ఉంటుంది, పైన నురగ మందంగా నిలుస్తుంది. ముక్కు దగ్గరకు తెచ్చుకోగానే పండిన అరటిపండు వాసన, దాని వెనుకే లవంగం ఘాటు తగులుతాయి. గుంటూరు నుంచి వచ్చిన ఒక మిత్రుడైతే ఇందులో లవంగాలు ఎన్ని వేశారో చెప్పమని వడ్డించే కుర్రవాణ్ణి పట్టుపట్టాడు. ఒక్కటి కూడా వెయ్యరు. ఆ రెండు వాసనలూ బీరును పులియబెట్టే ఈస్టు అనే సూక్ష్మజీవే పుట్టిస్తుంది. పులిసేటప్పుడు వేడి కొంచెం పెరిగితే అరటిపండు వాసన ముందుకు వస్తుంది, తగ్గితే లవంగం పైచేయి అవుతుంది. తొమ్మిదేళ్లలో ఈ రెండింటి తూకం కొన్నిసార్లు అటూ ఇటూ కావడం గమనించాను గానీ, దానిని లోపంగా ఏనాడూ లెక్కపెట్టలేదు. ఒకే చెట్టు ఈత కల్లు కూడా రోజుకొక తీరుగా ఉంటుందని తెలిసినవాళ్లం మనం. పైగా పొద్దున దింపిన కల్లుకూ మాపటి కల్లుకూ ఉన్న తేడా ఎరిగినవాడికి, పులియబెట్టిన తొట్టికి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని తాగడం ఎందుకు గొప్పో ఎవరూ వివరించనక్కరలేదు.

రెండో స్థానం టిన్‌టిన్ టాయిట్‌ది. ఇది బెల్జియం వారి విట్ బీరు అనే మసక గోధుమ బీరు జాతికి చెందినది. హోగార్డెన్ అనే ఊళ్లో దాదాపు కనుమరుగైన ఈ జాతిని పియర్ సెలిస్ అనే వ్యక్తి 1960ల మధ్యలో మళ్లీ బతికించాడు. ఇందులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ధనియాలు అనగానే మన బుద్ధి చారు వైపు పోతుంది, నాకూ మొదట అదే భయం కలిగింది. కాని గ్లాసులో చారు వాసన ఆవగింజంతైనా లేదు. ఒకసారి ఇంట్లో పచ్చి ధనియాలను అరచేతుల మధ్య నలిపి వాసన చూశాక గుట్టు తెలిసింది. వేయించని ధనియాలకు నిమ్మతొక్కను పోలిన పరిమళం ఉంటుంది, మనం మూకుడులో వేయించి దానిని వేరే వాసనగా మార్చేస్తాం. ఎండాకాలం సాయంత్రాలకు దీనికి మించిన బీరు నాకు తెలియదు, అయితే రెండో గ్లాసుకు నారింజ తొక్క నాలుకను ఆక్రమిస్తుంది కనుక ఒక్కదానితో ఆగడం మేలు.

బాస్మతి బ్లాండ్ పేరులోనే బియ్యం ఉంది. బియ్యం పిండిపదార్థాన్ని ఇస్తుందే తప్ప మాంసకృత్తులు పెద్దగా ఇవ్వదు కాబట్టి బీరు పలచగా, తేలికగా వస్తుంది. సీసా బీరు తప్ప మరేదీ ఎరుగని బంధువులు వస్తే నేను తెప్పించేది ఇదే; నా కోసం మాత్రం తెప్పించుకోను.

నైట్రో స్టౌట్ సంగతి వేరు. బొగ్గులా మాడేదాకా వేయించిన బార్లీ వల్ల దానికి నలుపు రంగు, ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌ను తలపించే చేదు వస్తాయి. బొగ్గుపులుసు వాయువుకు తోడు నత్రజనిని నింపుతారు. నత్రజని ద్రవంలో అంత సులువుగా కరగదు కాబట్టి బుడగలు అతి సన్నగా వస్తాయి, పోసిన వెంటనే అవి గ్లాసు అంచుల వెంబడి కిందికి జారుతున్నట్టు కనిపిస్తాయి. నోట్లో చురుక్కుమనే గుణం ఉండదు, మీగడ లాంటి నునుపు ఉంటుంది. దీనిని తొందరపడి తాగేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. నా లెక్కలో ఇది సగం గ్లాసు దాటాక, గది వేడికి కొంత దగ్గరయ్యాకే పలుకుతుంది.

పోల్చి చూడటానికి వేరే చోట్లు కూడా తిరిగాను. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు (చిన్న ఎత్తున బీరు కాచే చోట్లకు) నియమాలు తెచ్చిన తరువాత హైదరాబాదులోనూ ఈ వ్యాపారం ఊపందుకుంది, సెలవులకు వెళ్లినప్పుడల్లా ఒక్కో చోటు చూసి వస్తున్నాను. వాటిలో ఒక చోట, పేరు అనవసరం, గోధుమ బీరు అడిగితే అరటిపండుకు బదులు వెన్న వాసన కొట్టింది. అదే చోట మరోసారి పుల్లటి వాసన తగిలింది. పులియడం ముగిశాక ఈస్టుకు తగినంత గడువు ఇవ్వకుండా బీరును దింపేస్తే వెన్న వాసన మిగిలిపోతుంది, కుళాయి గొట్టాలను వేళకు కడగకపోతే పులుపు చేరుతుంది. ఆకర్షణీయమైన పేర్లూ పండ్ల రసాలూ ఇలాంటి లోపాలను కప్పిపుచ్చగలవు. గోధుమ బీరులో దాక్కోవడానికి చోటు ఉండదు. అందుకే ఏ కొత్త బ్రూవరీకి వెళ్లినా మొదట దానినే, అదీ చిన్న గ్లాసులో, అడుగుతాను.

కొత్తగా వెళ్లేవారికి రెండు సూచనలు. అన్ని రకాలూ చిన్న గ్లాసుల్లో ఇచ్చే పళ్లెం తెప్పించుకుంటే లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లాలి. స్టౌట్ ముందు తాగితే ఆ తరువాతివన్నీ నీళ్లలా అనిపిస్తాయి. ఇందిరానగర్ మెట్రో స్టేషన్ నడక దూరంలోనే ఉంది కాబట్టి బండి ఇంటి దగ్గరే వదిలిపెట్టాలి.

కిందటి సంక్రాంతి తరువాత మా నాన్నగారు బెంగళూరు వచ్చినప్పుడు ఆయనను కూడా తీసుకువెళ్లాను. వైస్ ఒక గుక్క తాగి, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, "వాసన మంచిగనే ఉంది గని, పొద్దుటి కల్లు తీపి దీనికేడిదిరా" అన్నారు. ఆ తరువాత ఇంకేమీ మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి చెప్పమని సైగ చేశారు.