మా తమ్ముడు 14 రోజులు ఉన్న ఇల్లు

మాది కావలి. రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు మొత్తం పోయాక మా తమ్ముడికి నిద్ర లేదు, తిండి లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. డాక్టరుకూ చూపించాం. ఇంట్లో ఉంటే మాత్రం టెన్షన్ తగ్గలేదు. చివరికి ఒంగోలు అవతల, మనసు కుంగినవాళ్లు కొన్నాళ్లు ఉండి తేరుకునే ఈ ఇంట్లో చేర్చాం. ఇక్కడ చూసుకునేవాళ్లంతా ఒకప్పుడు ఆ బాధ పడి లేచినవాళ్లే.

మొదటి రాత్రి వాడు వరండాలో వణుకుతూ కూర్చుంటే ఒకాయన వచ్చి పక్కనే చాప వేసుకున్నాడు. ఒక్క సలహా చెప్పలేదు. తెల్లవారుజామున మాత్రం, "నాకూ ఇట్లాగే ఉండేది తమ్ముడూ. టీ పెడతా, రా" అన్నాడంట. ఆ టీ సంగతి వాడు ఇప్పటికీ చెప్తాడు. గదులకు బయట గడియల్లేవు. మాత్రలు మానమని ఎవరూ అనలేదు, వేళకు గుర్తుచేశారు.

ఆరుగురికి ఒకటే బాత్‌రూమ్, దోమలు ఎక్కువ. అవి సర్దుకోవచ్చు. ఆడవాళ్లకు చోటు లేకపోవడమే నాకు బాధేసింది. నలుగురి మధ్య బతికే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక సమస్య ఉన్న ఆడా మగా అందరికీ ఇచ్చింది కదా!

నిన్న సాయంత్రం వాడే చెరువు గట్టు దాకా నడిచెళ్లి వచ్చాడు. రాగానే అన్నం పెట్టమన్నాడు.