మాంజనీటా లేక్‌లో మూడు రాత్రులు, నలభై గాలన్ల నీళ్లు

పోయిన జూలైలో అమ్మానాన్నలు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలా అని తెగ తర్జనభర్జన పడ్డాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, టెంటులో నేలమీద పడుకోలేదు. నాన్న రాత్రి రెండుసార్లయినా బాత్రూముకి లేస్తాడు. హోటళ్లంటే ఇద్దరికీ మొహం మొత్తింది. "పొయ్యి లేనిచోట మూడు రోజులు ఎట్టా ఉంటారే?" అంటుంది అమ్మ. చివరికి 25 అడుగుల ఆర్‌వీ (పడకలు, పొయ్యి, బాత్రూము అన్నీ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని ఉత్తర కాలిఫోర్నియాలో లాసెన్ వోల్కానిక్ నేషనల్ పార్కులోని మాంజనీటా లేక్ క్యాంప్‌గ్రౌండ్‌కి బయల్దేరాం. మా ఆయన, నేను, చిన్నోడు, అమ్మా నాన్నా. వెనకే మా మరిది కారులో.

ఫ్రీమాంట్ నుంచి దాదాపు 270 మైళ్లు. రెడింగ్ ఊరి దాకా ఐ-5 హైవే మీద నల్లేరు మీద బండి నడకే. అక్కడ 44వ నంబరు రోడ్డు ఎక్కాక బండి మూలగడం మొదలుపెడుతుంది. అంత పెద్దది నడపాలంటే వేరే లైసెన్సు కావాలేమోనని అడుగుతుంటారు. కాలిఫోర్నియాలో 40 అడుగుల వరకూ మామూలు కారు లైసెన్సే చాలు. ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి. గాలన్‌కి 8, 9 మైళ్లకి మించి రాలేదు మాకు. రోజు అద్దె పైకి తక్కువే కనిపిస్తుంది గానీ మైళ్లకి వేరే, జనరేటర్ నడిపిన గంటలకి వేరే, దుప్పట్లకీ గిన్నెలకీ వేరే. అన్నీ కలిపితే రెండు హోటల్ గదుల ఖర్చు దాటిపోయింది.

క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 5,900 అడుగుల ఎత్తులో, పెద్ద పెద్ద పైన్ చెట్ల మధ్య ఉంది. సైటుకో బల్ల, చలిమంట గుంట, ఎలుగుబంట్ల భయానికి ఒక ఇనప పెట్టె. అంతే. హుకప్స్ లేవు. అంటే కరెంటు ప్లగ్గు, నీళ్ల పైపు, మురుగు గొట్టం ఏదీ సైటు దగ్గరికి రాదు. ట్యాంకులో ఎన్ని నీళ్లుంటే అన్నే, బ్యాటరీలో ఎంత కరెంటుంటే అంతే. మా ఆయన బండి వెనక్కి పెడుతుంటే నాన్న దిగి, లారీ క్లీనరులా వెనక తడుతూ "రానీ... రానీ... రైట్... హోల్డాన్!" అని అరిచాడు. చుట్టుపక్కల సైట్ల వాళ్లంతా తలలు తిప్పి చూశారు. బండి మాత్రం ఒక్కసారికే సైటులో కూర్చుంది.

మొదటి రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి హీటర్ ఆగిపోయింది. హీటర్ గ్యాసుతోనే మండుతుంది కదా, ఫర్వాలేదనుకున్నాం. ఆ వేడిని లోపలికి తోసే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుందన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. ప్యానెల్ మీద ఎర్ర దీపం. జూలైలో కూడా అక్కడ రాత్రిళ్లు వణికిస్తుంది. అమ్మకి ఉన్న శాలువాలన్నీ కప్పాం. జనరేటర్ వెయ్యాలంటే దానికి వేళలున్నాయి, ఎప్పుడు పడితే అప్పుడు కుదరదు. ఆ టైమయ్యాక వేద్దామంటే స్టార్టే కాదు. దానికీ ఆ బ్యాటరీయే దిక్కు! చివరికి మా ఆయన ఇంజన్ ఆన్ చేసి, స్టీరింగ్ కింద చిన్న స్విచ్ ఒకటుంటే అది నొక్కిపట్టి లేపాడు. బండి తీసుకునేటప్పుడు ఆ స్విచ్ సంగతి మాకెవరూ చెప్పలేదు. మీరు తీసుకుంటే ముందు ఇది అడగండి, టీవీ ఎలా పనిచేస్తుందో తర్వాత అడగొచ్చు. బ్యాటరీ ఎంత పాతదో కూడా అడగండి.

నీళ్ల సంగతి నాన్న చూసుకున్నాడు. మా చిన్నప్పుడు మా వీధిలో కొళాయి రెండు రోజులకోసారి వచ్చేది. బిందెలు, డ్రమ్ములు నింపుకుని వాటితోనే ఇల్లంతా గడిచేది. ఆర్‌వీలో ఉన్న ఐదుగురికి మూడు రోజులకి ట్యాంకులో 40 గాలన్లు అనగానే ఆయన లీటర్లలోకి మార్చి, మనిషికి రోజుకి పది లీటర్లని తేల్చేశాడు. గిన్నెలు ముందు కాగితంతో తుడవాలి, తర్వాత చిన్న బేసిన్‌లో కడగాలి. సింకు కొళాయి తిప్పితే ఊరుకోడు. చిన్నోడు పళ్లు తోముకుంటుంటే చేతికి చెంబు ఇచ్చాడు. స్నానాలకి క్యాంపర్ స్టోర్ దగ్గర నాణేలు వేసే షవర్లున్నాయి, అక్కడికే వెళ్లాం. దుకాణంలో కట్టెలు, పాలు, ఐస్ దొరుకుతాయి. కూరగాయలు మాత్రం రెడింగ్‌లోనే కొనుక్కోండి.

వంటకి నేను చేసిన మంచి పని ఒక్కటే, కుక్కర్ మర్చిపోకపోవడం. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 94 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపున్నా పలుకుగానే ఉంటుంది. మూడో విజిల్‌కి పక్క సైటు పెద్దాయన వచ్చి ఏదైనా పేలబోతోందా అని అడిగాడు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి పెట్టి పంపించాం. ఆవకాయ సీసా మాత్రం బల్లమీద ఒక్క నిమిషం కూడా వదలకూడదు. వాసన వచ్చేది ఏదైనా సరే, టూత్‌పేస్టు, కొబ్బరినూనెతో సహా, ఆ ఇనప పెట్టెలోనో, అద్దాలు మూసిన ఆర్‌వీలోనో ఉండాలి.

వెంట కారు ఉండటం ఎంత మేలో రెండో రోజు తెలిసింది. ఆర్‌వీ కదపాలంటే గిన్నెలన్నీ సర్దాలి, అల్మారాలు మూయాలి, అదో పెద్ద తతంగం. కారులో అయితే ఎక్కి పోవడమే. పార్కు రోడ్డు 8,500 అడుగుల దాకా ఎక్కుతుంది. దారిలో కాలి నల్లబడ్డ చెట్లు బారులు బారులుగా కనిపిస్తాయి. 2021లో డిక్సీ అనే కార్చిచ్చు మంటలు పార్కులో సగానికి పైగా అంటుకున్నాయి. బంపస్ హెల్ దగ్గర మేం నడిచాం, రానూపోనూ 3 మైళ్లు. కుతకుతమని ఉడికే బురద, పొగలు, గంధకం వాసన. 1860ల్లో బంపస్ అనే అతను అక్కడ పైపొర విరిగి కాలు కాల్చుకున్నాడు, చివరికి ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. పేరు అతనిదే. అమ్మ కారు దగ్గరే ఉండిపోయింది. మా బట్టల వాసన చూసి "దీపావళి మర్నాడు మన వీధి ఇట్టాగే ఉంటది" అంది. ఆవిడకి నచ్చింది మాంజనీటా చెరువే. చుట్టూ దాదాపు చదునుగా దారి, మోటారు బోట్లు లేవు, నీళ్లలో లాసెన్ శిఖరం తలకిందులుగా. 1915లో బద్దలైన కొండ అదేనంటే నమ్మలేదు.

సమ్మిట్ లేక్ క్యాంప్‌గ్రౌండ్ కూడా చూసొచ్చాం. ఇంకో ఎనిమిది వందల అడుగుల ఎత్తు, ఇంకా ప్రశాంతం. చెరువు పక్కనే టెంట్లు. కుర్రాళ్లయితే అక్కడికే వెళ్లండి. షవర్లు, దుకాణం లేవు కాబట్టి పెద్దవాళ్లతో అయితే నేను మాంజనీటాకే ఓటేస్తాను. సైట్లు నెలల ముందే అయిపోతాయి, వేసవి సెలవులకి శీతాకాలంలోనే బుక్ చెయ్యండి.

చివరి రోజు డంప్ స్టేషన్‌లో (మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు) మా ఆయన గ్లవ్స్ వేసుకుని గొట్టం బిగించాడు. ముందు మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసి, తర్వాత సింకు నీళ్లు వదలాలి. అప్పుడే గొట్టం కడుగుకుపోతుంది. తిరగేస్తే మీ ఖర్మ. నాన్న లోపల ప్యానెల్ చూసొచ్చి, మంచినీళ్లు ఇంకా మూడో వంతు ఉన్నాయన్నాడు, కాస్త గర్వంగానే.

బండి తిరిగిచ్చేటప్పుడు బ్యాటరీ సంగతి చెబితే జనరేటర్ గంటల డబ్బులు తీసేశారు. అద్దెలో మాత్రం పైసా తగ్గించలేదు.