భూకంపం జాడ: ఎఫ్‌ఎం పట్టేదా, వీఎల్‌ఎఫ్ పట్టేదా?

ఎఫ్‌ఎం తిప్పుతుంటే ఒక్కోసారి, ఎప్పుడూ గరగర తప్ప ఏమీ రాని చోట, వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్ పాట గట్టిగా వినిపిస్తుంది. కాసేపటికి మాయం. భూకంపానికి ముందూ ఇలా వింతగా సిగ్నల్ అందుతుందని ఒక వాదన. ఉల్కల జాడకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ పట్టడానికి ఎఫ్‌ఎం పెట్టుకుని కూర్చున్న జపాన్ ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు యోషియో కుషిదా, రికార్డర్ గీతలో తేడాలు చూసి 1990లలో దాన్ని భూకంపాలకు ముడిపెట్టారు.

రెండోది వీఎల్‌ఎఫ్, అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలు. నేల ఒక గోడ, పైన ఐనోస్ఫియర్, అంటే విద్యుదావేశం ఉన్న పై గాలి పొర, దాని అడుగు ఇంకో గోడ. వాటి మధ్య వేల కిలోమీటర్లు పోతాయి. ఆ పై గోడ పగలు సుమారు 70 కిలోమీటర్ల ఎత్తులో, రాత్రి 90 దగ్గర ఉంటుంది. పొద్దు పొడిచేటప్పుడు, వాలేటప్పుడు అది మారుతుంది కాబట్టి అందే సిగ్నల్ గ్రాఫ్‌లో గుంటలు పడతాయి. జపాన్‌లోని సుషిమా దీవి నుంచి వచ్చే 10.2 కిలోహెర్ట్జ్ ఒమేగా (ఓడలకు, విమానాలకు దారి చూపే వ్యవస్థ) సిగ్నల్‌ని ఆ దేశం తూర్పు తీరంలోని ఇనుబోలో రికార్డు చేసేవారు. 1995 జనవరి 17 నాటి కోబే భూకంపానికి కొద్ది రోజుల ముందు రికార్డులో పొద్దుటి గుంట తొందరగా, సాయంత్రం గుంట ఆలస్యంగా పడ్డాయి. పగలు కాస్త సాగినట్టు! జపాన్ శాస్త్రవేత్త మసాషి హయకవా బృందం చూపించిన ఈ గీతలు నాకు ఇప్పటికీ ఆసక్తే. కాకపోతే అది భూకంపం వచ్చాక వెనక్కి తిరిగి చూసిన లెక్క.

నన్నడిగితే రెండిట్లో వీఎల్‌ఎఫే నయం. ఎఫ్‌ఎం దూరం పోవడానికి సాకులు ఎక్కువ: ఐనోస్ఫియర్‌లో అప్పుడప్పుడు ఏర్పడే స్పొరాడిక్-ఈ పొర, కింద చల్లగాలి మీద వేడిగాలి నిలవడం, చివరికి సిగ్నల్ విమానానికి తగిలి తిరిగొచ్చినా చాలు. పైగా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నాలుగైదు స్టేషన్లుంటే వచ్చిందెవరో తేల్చడం తలనొప్పి. వీఎల్‌ఎఫ్‌నీ సౌర జ్వాలలు, అయస్కాంత తుఫానులు చెడగొడతాయి. కానీ వాటికి వేరే రికార్డులుంటాయి, ఆ రోజుల్ని తీసేసి చూడొచ్చు. పంపేదెక్కడో, పట్టేదెక్కడో కూడా తెలుసు.

అంతమాత్రాన వీఎల్‌ఎఫ్ చూసి ఊళ్లు ఖాళీ చేయించలేం. భూమి లోపలి ఒత్తిడి అంత ఎత్తుకు ఎలా చేరుతుందో, నేలలోంచి వచ్చే రాడాన్ వాయువా, మరొకటా, ఇంకా ఊహే. ప్రాణాలు కాపాడే పనికైతే ఈ రెండూ కాదు, భూకంపం మొదలయ్యాక మోగే అలారమే. జపాన్ 2007 నుంచి జనానికి ఇస్తున్నది అదే. ముందుగా చేరే పి-తరంగాన్ని పట్టి, వెనక వచ్చే బలమైన ఎస్-తరంగం కన్నా ముందు హెచ్చరిస్తుంది. దొరికేది సెకన్లే. రైలుకి బ్రేకులు వేయడానికి, బల్ల కింద దూరడానికి ఆ కాస్త టైమూ పనికొస్తుంది.