తీగ ఆగే చోటు: నాలుగు బేస్ గిటార్ సాఫ్ట్‌వేర్లతో ఐదేళ్లు

కడపలో మా ఇంటి మేడమీది గదిలో పాటలకు వాద్య సహకారం కూర్చడం మొదలుపెట్టి ఐదేళ్లు దాటింది. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది చెక్కభజన బృందాలవారు, మైదుకూరు వైపు నుంచి బ్రహ్మంగారి తత్వాలు పాడటానికి వచ్చేవారు. అప్పుడప్పుడు పెళ్లి వీడియోకు సొంత పాట కావాలని అడిగే కుర్రవాళ్లు కూడా ఉంటారు. డోలక్, హార్మోనియం, చిడతలు వారే తెచ్చుకుంటారు కానీ, కారు స్పీకర్లలో పాట నిండుగా వినబడాలంటే అడుగున బేస్ ఉండాలని పట్టుబట్టేది కూడా వారే. బేస్ గిటార్ వాయించేవారు ఊళ్లో ఉన్నా వారికి తీరిక దొరికే వేళ, భజన బృందానికి తీరిక దొరికే వేళ ఎన్నడూ కలవలేదు. అందువల్ల కీబోర్డు మీద వాయిస్తే బేస్ గిటార్‌లా పలికే సాఫ్ట్‌వేర్లను ఒకదాని తరువాత ఒకటి సమకూర్చుకున్నాను. ఏంపుల్ బేస్ పి లైట్, మోడో బేస్, ఈజీబేస్, ట్రిలియన్ అనే నాలుగింటిని వందకు పైగా పాటలలో వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను వీటిని తప్పుడు కొలతతో కొలిచాను. ఒక్క స్వరం నొక్కి, అది ఎంత లావుగా, ఎంత గంభీరంగా మోగుతుందో విని తీర్పు చెప్పేవాడిని. ఆ భ్రమ పోగొట్టింది ఒక భజన గురువు. ఆయన పాటకు నేను ఎంతో ముచ్చటపడి కూర్చిన బేస్‌ను హెడ్‌ఫోన్లో విని, "నాయనా, కింద ఆ మోత ఏంది, ఆగకుండా పోతాంది? చెక్కలు పలికేదానికి కొంచెం సందియ్యి" అన్నారు. మళ్లీ విన్నాను. నేను నొక్కిన ప్రతి స్వరమూ తరువాతి స్వరం దాకా సాగి డోలక్ ఎడమ ముఖపు గుమకను పూర్తిగా మింగేస్తోంది. బేస్ వాయించేవాడికి తీగను మీటడం ఎంత విద్యో, మీటిన తీగను సరైన క్షణంలో అణచడం అంత విద్య. ఆనాటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మొదట అది స్వరాన్ని ఎలా ముగిస్తుందో చూసి, ఆ తరువాతే మిగిలిన గుణాల దగ్గరికి పోతున్నాను.

ఏంపుల్ బేస్ పి లైట్ ఉచితంగా దొరుకుతుంది. 1951లో ఫెండర్ సంస్థ తెచ్చిన ప్రెసిషన్ బేస్ తరహా గిటార్‌ను స్వరం స్వరంగా రికార్డు చేసి, ఆ శాంపిళ్లతో దీన్ని తయారుచేశారు. పూర్తి వెర్షన్‌లో ఉన్నన్ని వాయించే పద్ధతులు ఇందులో లేవు, శాంపిళ్ల సంఖ్య కూడా తక్కువే. అయినా నా మొదటి 20 పాటలు దీనితోనే సాగాయి. కీ వదిలినప్పుడు వేలు తీగను విడిచే చిన్న చప్పుడు వినబడుతుంది కాబట్టి, స్వరం కత్తిరించినట్టు కాక మనిషి ఆపినట్టు ఆగుతుంది. ఒకే స్వరాన్ని వేగంగా నాలుగైదు సార్లు మీటవలసిన చోట మాత్రం ప్రతి దెబ్బా ఒకేలా వినబడకుండా వెలాసిటీని, అంటే కీని కొట్టే బలాన్ని సూచించే అంకెను, చేత్తో 70కీ 100కీ మధ్య మార్చుకుంటూ పోవాలి. నా వంటి కీబోర్డు చేయి కలవారు తెలియక గట్టిగా కొడతారు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వెలాసిటీ గరిష్ఠమైన 127ను తాకితే తీగను లాగి వదిలిన టప్పుమనే శబ్దం వస్తుంది. తత్వం మధ్యలో ఒకసారి ఆ శబ్దం వచ్చినప్పుడు పాడుతున్న పెద్దాయన ఆగిపోయి పైకప్పు వైపు చూశారు.

మోడో బేస్ 2016లో వచ్చింది. ఇందులో రికార్డు చేసిన శాంపిళ్లు ఉండవు. తీగ ఎలా కంపిస్తుందో, ఆ కంపనాన్ని పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం) ఏ చోటు నుంచి అందుకుంటుందో కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్కగట్టి శబ్దాన్ని పుట్టిస్తుంది. తీగలు కొత్తవా, అరిగిపోయినవా, వేలితో మీటాలా, పిక్‌తోనా, బ్రిడ్జికి (తీగలు ఆనే కింది చివరి భాగానికి) దగ్గరగా మీటాలా, మెడ వైపా అనేవన్నీ మన చేతిలో ఉంటాయి. భజన పాటలకు నాకు కుదిరిన అమరిక ఒకటి చెబుతాను: అరిగిన తీగలు, మెడ వైపుకు జరిపిన వేలు, అరచేతితో తీగను కొద్దిగా అణచిపెట్టే నియంత్రణ మూడో వంతు వరకు. అప్పుడు స్వరం దుమ్మనే దెబ్బగా మొదలై, అర మాత్రలోపే తనంతట తాను కుంగిపోతుంది. డోలక్ ఎడమ ముఖానికి, చెక్కల గలగలకు చోటు మిగులుతుంది. గురువుగారు అడిగిన సందు నాకు దొరికింది ఇక్కడే. శాంపిళ్లలో ఈ అణచివేతకు ఎవరో ముందే రికార్డు చేసిపెట్టిన ఒకటి రెండు స్థాయిలే దొరుకుతాయి. ఇక్కడ మనకు కావలసినంత మేరకు తిప్పుకోవచ్చు.

దీనికి చెల్లించవలసిన మూల్యం ప్రాసెసర్ రూపంలో ఉంటుంది. డిస్కులో ఇది ఆక్రమించే చోటు శాంపిళ్ల లైబ్రరీలతో పోలిస్తే చాలా స్వల్పం, మెమరీ (ర్యామ్) కూడా తక్కువే చాలు. లెక్కలన్నీ ప్రాసెసరే చేయాలి. మే నెలలో కడప ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలలో, గొంతు రికార్డింగు కోసం ఫ్యాను కూడా ఆపేసిన ఆ గదిలో, నా పాత లాప్‌టాప్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకునేది, హెడ్‌ఫోన్లో టిక్కుటిక్కుమని చప్పుళ్లు మొదలయ్యేవి. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా యంత్రానిదే. బేస్ ట్రాకును ముందే ఆడియోగా మార్చి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాక ఆ బాధ తీరింది. కానీ అలా మార్చిన తరువాత పాటగాడు శ్రుతి మార్చమంటే మళ్లీ మొదటికి పోవాలి.

ఆ శ్రుతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేముందు దీన్ని గురించి నన్నెవరూ హెచ్చరించలేదు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కిందిది ఇ స్వరం, 41.2 హెర్ట్జ్. ఐదున్నర శ్రుతిలో పాడేవారికి ఆధార షడ్జం 51.9 హెర్ట్జ్ దగ్గర హాయిగా దొరుకుతుంది. మా భజన గాయకులలో చాలామందిది రెండున్నర శ్రుతి. దాని మంద్ర షడ్జం 38.9 హెర్ట్జ్, అంటే నాలుగు తీగల బేస్‌కు ఒక్క మెట్టు, అంటే ఒక్క అర్ధస్వరం, కిందికి పడిపోతుంది. పై స్థాయిలో 77.8 దగ్గర పట్టుకుంటే పాట గాలిలో తేలినట్టు ఉంటుంది. మోడో బేస్‌లో వాద్యాన్ని ఐదు తీగలకు మార్చుకుంటే 30.9 హెర్ట్జ్ దాకా దిగవచ్చు. అయితే ఫోన్ స్పీకరులో 38.9 హెర్ట్జ్ ఎవరికీ వినబడదు. వినేవారి చెవి దానితో పాటు మోగే పై అనుస్వరాలను బట్టే అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. కాబట్టి అంత కిందికి దిగినప్పుడు కొద్దిగా శాచురేషన్ (ధ్వనిని కాస్త గరుకు చేసే ప్రక్రియ) చేర్చి ఆ అనుస్వరాలను పైకి తేవాలి, లేకపోతే పడిన శ్రమ అంతా వృథా.

ఈజీబేస్ 2020లో వచ్చింది. బేస్ ఏం వాయించాలో తెలియనివారికి ఇది నిజంగా పెద్ద అండ. అందులోని వరుసలను తీసుకుని మన స్వరగతికి అనువుగా మలచుకోవచ్చు, డ్రమ్స్ మిడిని (ఏ దెబ్బ ఎప్పుడు పడిందో చెప్పే సమాచారాన్ని) అందిస్తే దాని నడకను అనుసరించి తానే ఒక వరుసను కట్టి ఇస్తుంది. పెళ్లి వీడియో పాటలకు నేను దీన్ని తప్ప మరొకటి తెరవను. గంటలో పని ముగుస్తుంది. చెక్కభజనకు వచ్చేసరికి కథ మారుతుంది. బృందం నిదానంగా మొదలుపెట్టి, చరణం చరణానికి వేగం పెంచుకుంటూ, చివరికి ఊపిరి ఆడనంత ఉరుకులో ముగిస్తుంది. వారిని క్లిక్‌కు (ఒకే వేగంతో టిక్కుమనే లయ చప్పుడుకు) కట్టేస్తే ఆ ఉత్సాహమే చచ్చిపోతుంది. అందుకని ముందు వారిని స్వేచ్ఛగా పాడించి, తరువాత దెబ్బ దెబ్బకూ గుర్తు పెట్టుకుంటూ వేగం ఎక్కడెక్కడ మారిందో చూపే టెంపో పటం తయారుచేసి, డోలక్ ఎడమ దెబ్బలను కిక్ డ్రమ్ము మిడిగా రాసి దీనికి అందిస్తాను. ఇంత చేస్తే వచ్చే వరుసలో సగం నిలుస్తుంది, మిగిలిన సగం చెరిపేస్తాను. దీని సహజ ధోరణి ఖాళీని నింపడం. భజనలో ఖాళీయే తాళం. ధ్వని మాత్రం ఏ సవరింపూ లేకుండానే మిక్స్‌లో ఇట్టే కుదిరిపోతుందని ఒప్పుకోవాలి.

ట్రిలియన్ వీటన్నిటికన్నా పాతది. 2009లో వచ్చిన దీని లైబ్రరీ సుమారు 34 జీబీ. ఎలక్ట్రిక్, సింథ్ బేస్‌లు కూడా ఉన్నా, నేను దీన్ని కొన్నది నిలువెత్తు అకౌస్టిక్ బేస్ కోసం. హార్మోనియం, తంబూర, చిడతలు మాత్రమే ఉన్న తత్వానికి ఎలక్ట్రిక్ బేస్ పెడితే నారచీర మీద జరీ అంచు కుట్టినట్టుంటుంది. చెక్క శరీరం నుంచి వచ్చే ఆ అకౌస్టిక్ నాదం మాత్రం మొదటి నుంచీ ఆ బృందంలోనే ఉన్నదనిపిస్తుంది. కీ వదిలినప్పుడు తీగ వేలి కింద ఆగే తీరు, దాని వెనుక చెక్క తేలికగా ఊపిరి వదిలినట్టు వినబడే శేషం, ఈ నాలుగింటిలో దీనికే ఉన్నాయి. పాత హార్డ్ డిస్కు మీద ఒక్కో వాద్యం తెరుచుకునే లోపు కింది నుంచి టీ వచ్చేది. ఎస్‌ఎస్‌డీకి మార్చాక ఆ నిరీక్షణ పోయింది, టీ మాత్రం అలవాటుగా వస్తూనే ఉంది. 8 జీబీ మెమరీ ఉన్న యంత్రంలో మిగతా వాద్యాలతో పాటు దీన్ని నడపడం కష్టం, 16 ఉంటే చింత లేదు. ప్రాసెసర్ మీద భారం తక్కువ కనుక ఎండాకాలంలో నా గదికి మోడో కన్నా ఇదే అనుకూలం.

స్కార్బీ వారి ఎంఎం బేస్‌ను మిత్రుడి కంప్యూటర్‌లో కొన్ని వారాలు వాడాను. 1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే తరహా పదునైన ధ్వని అది, నా పాటలకు అంత పదును అక్కరలేదు కాబట్టి కొనలేదు.

నాలుగింటికీ వర్తించే మాట ఒకటుంది. కీ నొక్కినదానికి, శబ్దం చెవికి చేరినదానికి మధ్య ఆలస్యం పెరిగితే చేయి తెలియకుండానే ముందుకు పరుగెడుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్‌ను (కంప్యూటర్ శబ్దాన్ని విడతలుగా పోగుచేసే నిల్వను) 256 శాంపిళ్లుగా (ఇక్కడ శాంపిల్ అంటే సెకనుకు 48,000 చొప్పున తీసే ధ్వని కొలత) పెడితే ఆ బఫర్ వల్ల కలిగే ఆలస్యం సుమారు 5 మిల్లీసెకన్లు. వాయించేటప్పుడు దాన్నే ఉంచి, మిక్స్ చేసేటప్పుడు 1024కు పెంచుకుంటాను.

ఇక జారు. తత్వం పాడేవారు పంచమం నుంచి షడ్జానికి తిన్నగా దూకరు, జారుతారు. అడుగున బేస్ కూడా వారి వెంట జారితేనే అందం. మెడ మీద మెట్లు (ఫ్రెట్లు) ఉన్న బేస్‌లో వేలు జార్చినా నాదం మెట్టు మెట్టుగానే దిగుతుంది, మెట్లు లేని బేస్‌లో నున్నగా దిగుతుంది. అందుకని మోడో రెండవ వెర్షన్‌లో చేరిన మెట్లు లేని బేస్‌ను తెరిచి, స్వరాన్ని పైకి కిందికి వంచే పిచ్ బెండ్ గీతను మౌసుతో గీస్తాను. బెండ్ పరిధి మామూలుగా పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాలే ఉంటుంది, పంచమం నుంచి కింది షడ్జానికి ఏడు కావాలి. మొదటిసారి పరిధిని పెంచినప్పుడు, అంతకుముందు పాత పరిధిలో గీసి ఉంచిన చిన్న చిన్న జారులన్నీ ఒక్కసారిగా పెద్దవై పాటంతా అపశ్రుతి పలికింది; రెండు రోజుల పని మళ్లీ చేయవలసి వచ్చింది. ఇప్పుడు కొత్త పాట తెరవగానే, ఒక్క స్వరం కూడా వాయించకముందే, పరిధిని 12కు పెట్టి ఆ మాట ట్రాకు పేరులోనే రాసిపెడుతున్నాను.