సీజర్ డ్రెస్సింగ్ బాటిల్: నేరుగా పోస్తే యావరేజ్, మీ చెయ్యి పడితే సూపర్

సీజర్ సలాడ్ (లెట్యూస్ ఆకుల్లో చీజ్, వెల్లుల్లి రుచి ఉండే చిక్కటి డ్రెస్సింగ్, అంటే సాస్ కలిపేది) అంటే నాకు ప్రాణం, అందుకే ఈ బాటిల్ మీద కాస్త పెద్ద రివ్యూనే రాస్తున్నా. సూటిగా చెప్పాలంటే ఇది మూత తీసి నేరుగా ఆకుల మీద పోసుకునే సరుకు కాదు. చిక్కగా బానే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టినా నూనె పైకి తేలట్లేదు (లేబుల్ మీద జాంతాన్ గమ్ ఉందిలెండి, ఆ పని దాందే). కానీ నోట్లో పెట్టగానే ముందు వెనిగర్ తగులుతుంది, దాని వెనకే తీపి. సీజర్‌లో తీపికేం పని అసలు? వెల్లుల్లి కూడా పొడి వాడినట్టుంది, పచ్చి వెల్లుల్లి ఘాటు ఎక్కడా లేదు.

అయినా మళ్లీ కొన్నా, ఇంకా కొంటా కూడా, ఎందుకంటే బేస్‌గా ఇది భలే పనికొస్తుంది. పచ్చసొనలో నూనె కొంచెం కొంచెంగా పోస్తూ విరిగిపోకుండా గిలక్కొట్టే కష్టం ఉండదు, మిగతాదంతా మన చేతిలోనే ఉంటుంది. నేనైతే ఒక వెల్లుల్లి రెబ్బని ఉప్పేసి మెత్తగా నూరి, అందులో ఇద్దరికి సరిపడా 3 స్పూన్ల డ్రెస్సింగ్, అర చెక్క నిమ్మరసం, ఒక స్పూన్ ఆలివ్ ఆయిల్ వేసి, మిరియాలు అప్పటికప్పుడు దంచి కలుపుతా. నిమ్మరసం పడగానే ఆ తీపి అణిగిపోతుంది చూడండి, రుచే మారిపోతుంది.

ఇక నా సొంత ట్విస్ట్. క్రూటాన్స్ (కరకరలాడే బ్రెడ్ ముక్కలు) బదులు ఉడికించిన కాబూలీ శనగలు, తడి బాగా తుడిచేసి కొంచెం నూనె పట్టించి ఓవెన్‌లో 200 డిగ్రీల్లో కరకరలాడేదాకా వేయించి వేస్తా. రోమైన్ లెట్యూస్‌ని (పొడుగాటి ఆకులుండే సలాడ్ ఆకుకూర) తరగను, నిలువునా సగానికి కోసి, బాగా కాలిన పెనం మీద కోసిన వైపు ఒక్క నిమిషం ఉంచి తీసేస్తా, అంచులు నల్లబడాలి, లోపల మాత్రం పచ్చిగా, కరకరలాడుతూనే ఉండాలి. కాస్త చల్లారాకే డ్రెస్సింగ్ వెయ్యండి, లేదంటే ఆకు వాడిపోతుంది. పైన చీజ్ తురుము, కాసిని కేపర్స్ (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు).

ఇది సీజరే కాదు అనేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను. 1924లో మెక్సికోలోని తిహువానాలో సీజర్ కార్డినీ అనే ఇటాలియన్ రెస్టారెంట్ ఓనర్ దీన్ని మొదలుపెట్టాడంటారు, అప్పుడు ఆకులు తరక్కుండా నిండుగానే వడ్డిస్తే చేత్తో పట్టుకుని తినేవాళ్లట. ఆంచోవీ చేపలు కూడా విడిగా వేసేవాళ్లు కాదట, ఆ రుచి ఆంచోవీ కలిసే వూస్టర్‌షైర్ సాస్ లోంచి వచ్చేదట. అంటే ఇప్పుడు అందరూ క్లాసిక్ అంటున్నది కూడా తర్వాత మారిందే కదా. ఉప్పదనం, పులుపు, వెల్లుల్లి, చీజ్, కరకర... ఈ ఐదూ ఉంటే చాలు, మిగతాది ఎవరిష్టం వాళ్లది.

వెజ్ వాళ్లు మాత్రం జాగ్రత్త, ఈ బాటిల్‌లో గుడ్డు, ఆంచోవీ రెండూ ఉన్నాయి. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌లో కూడా దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ (పాలు గడ్డకట్టించే పదార్థం) వాడతారు, కాబట్టి వెజ్ రెన్నెట్ అని రాసున్న చీజే చూసి కొనుక్కోండి.

ఉన్నది ఉన్నట్టు వాడితే 5కి 2.5, బేస్‌గా వాడితే 4. పెద్ద బాటిల్ మాత్రం వద్దు, ఇలా కలుపుకుంటే మనిషికి రెండు స్పూన్లు కూడా పట్టదు.