సింగపూర్ క్రూజ్: ఉచితంగా వచ్చే మెంబర్‌షిప్‌కి 14,000 కట్టించుకున్నారు

మొగల్రాజపురంలో ఒక ట్రావెల్ ఏజెంట్ మా నలుగురి దగ్గరా తలకి 3,500 చొప్పున 14,000 రూపాయలు వసూలు చేశాడు. రసీదులో "లాయల్టీ ఎన్‌రోల్‌మెంట్" అని రాసి మరీ తీసుకున్నాడు. రాయల్ కరీబియన్, ఎంఎస్‌సి, ప్రిన్సెస్, కార్నివాల్, ఈ ఓడల కంపెనీల్లో దేనిలోనైనా లాయల్టీ మెంబర్‌షిప్‌కి, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రయాణికులకి ఇచ్చే సభ్యత్వానికి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. బెజవాడ, గుంటూరు నుంచి ఈమధ్య చాలా కుటుంబాలు సింగపూర్ ఓడ ఎక్కుతున్నాయి. వాళ్ళెవరూ ఈ డబ్బు కట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ప్రయాణం మా అక్కావాళ్ళతో కలిసి. వాళ్ళు డాలస్‌లో ఉంటారు. అక్కడి నుంచి కారులో నాలుగైదు గంటలు వెళ్తే గాల్వెస్టన్ రేవు వస్తుంది. పిల్లల సెలవులకి అక్కడ ఓడెక్కడం వాళ్ళకి అలవాటు. అలా ఎక్కీ ఎక్కీ బావ రాయల్ కరీబియన్‌లో డైమండ్ మెంబర్ అయ్యాడు, ఆ సభ్యత్వంలో అదొక పై స్థాయి. ఈసారి అమ్మని కూడా తిప్పుదామని సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ మీదుగా నాలుగు రాత్రుల ట్రిప్పు అనుకున్నాం. మా నలుగురికీ రెండు బాల్కనీ గదులు, పన్నులతో సహా 2,76,000 అయ్యింది.

బావ సంగతి చెప్పగానే ఏజెంట్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మీ బావగారు డైమండా సార్! ఫ్యామిలీ లింక్ చేసేస్తే మీ అందరికీ డైమండే. లాంజ్, ఫ్రీ డ్రింక్స్, క్యూ లేకుండా బోర్డింగ్. కార్డుకి 3,500 అంతే." నేను ఆలోచిస్తుంటే అమ్మ వైపు తిరిగి, "అమ్మగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కదా, లైన్‌లో నిలబడే పనుండదు" అన్నాడు. అమ్మ కోసం అనేసరికి ఇంకేం మాట్లాడతాం? వారం తర్వాత నాలుగు కార్డులు ఇచ్చాడు. బంగారు రంగు అట్ట, పైన లామినేషన్, దాని మీద "డైమండ్ ఫ్యామిలీ" అని అక్షరాలు. అమ్మ తన కార్డుని కళ్ళజోడు పెట్టెలో భద్రంగా పెట్టుకుంది.

పినాకినిలో చెన్నై, అక్కడి నుంచి విమానం, సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ టిఫిన్, అన్నీ సాఫీగా జరిగిపోయాయి. మర్నాడు మెట్రోలో మెరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగాం. ఓడల టెర్మినల్ పక్కనే. పెద్ద పెట్టెలు లేకపోతే టాక్సీ దండగ.

చెక్-ఇన్ దగ్గర అమ్మ పాస్‌పోర్టుతో పాటు ఆ కార్డు కూడా ఇచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక వైపు ఏజెంట్ ఆఫీసు ఫోన్ నంబరు ఉంది. "ఇది మాది కాదండీ" అని మర్యాదగానే చెప్పి వెనక్కి ఇచ్చేసింది. కంపెనీ ఇలాంటి కార్డులేవీ పంపదట. మెంబర్ స్థాయి ఏదైనా ఉంటే ఓడలో ఇచ్చే సీపాస్ కార్డు మీదే వస్తుంది. మా సీపాస్‌ల మీద ఏమీ లేదు. అమ్మ కార్డు తీసుకుని ఏమీ అనకుండా మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అసలు లెక్క ఏమిటో ఆ సాయంత్రం బాల్కనీలో బావ చెప్పాడు. రాయల్ కరీబియన్ వాళ్ళ పథకం పేరు క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ. ఓడలో పడుకున్న రాత్రికి ఒక పాయింట్. సూట్ తీసుకుంటే రాత్రికి రెండు. ఇద్దరి గదిలో ఒక్కరే ఉండి మొత్తం ఛార్జీ కడితే వాళ్ళకీ అదనంగా ఒక పాయింట్. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినకిల్. ఓడలో ఎన్ని డాలర్లు ఖర్చు పెట్టినా ఈ లెక్క కదలదు. కేసినోలో ఆడేవాళ్ళకి క్లబ్ రాయల్ అని వేరే ఖాతా ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక "ఫ్యామిలీ" సంగతి. ఒకే చిరునామాలో ఉండే భార్యాభర్తలు ఒకరి స్థాయి ఒకరు పంచుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి తల్లిదండ్రుల స్థాయే వస్తుంది. అంతటితో సరి. అమ్మానాన్నలకి, తోబుట్టువులకి, బావమరుదులకి రాదు. అందుకే పదిహేనేళ్ళ మా మేనల్లుడు డైమండ్, వాడి అమ్మమ్మ మాత్రం మామూలు ప్రయాణికురాలు. "ఒక్క ముక్క నన్నడిగితే సరిపోయేది కదా ఆ ఏజెంటు" అని బావ తల పట్టుకున్నాడు.

డైమండ్‌కి ఏమొస్తుందో కూడా దగ్గర నుంచి చూశాను. రోజుకి నాలుగు డ్రింకులు సీపాస్‌లో పడతాయి. మందు తాగని మా బావ రెండింటిని కాఫీలకి వాడుకున్నాడు. ఒక రోజు ఇంటర్‌నెట్ ఉచితం. లాంజ్‌లో ఉదయం కాఫీ, రొట్టెలు. రెండో రోజు బావ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు గానీ తలుపు దగ్గరే ఆపేశారు, వెంట వచ్చినవాళ్ళకి ప్రవేశం లేదు. "నువ్వెళ్ళి కాఫీ తాగిరా, మేం పైన ఉంటాం" అని అక్క కాస్త చిరాగ్గానే అంది. బావ వెళ్ళలేదు, మాతోపాటు బఫేకే వచ్చేశాడు. ఆ తర్వాత ఓడ దిగేదాకా ఆ లాంజ్ మొహం చూడలేదు. టిప్పుల దగ్గర మాత్రం డైమండూ, మేమూ ఒకటే: మామూలు గదులకి మనిషికి రోజుకి 18.50 డాలర్లు. నాలుగు రాత్రులకి మనిషికి 74 డాలర్లు, అంటే సుమారు 6,500 రూపాయలు. మా నలుగురికీ కలిపి 296 డాలర్లు. టికెట్ ధరలో ఇది ఉందో లేదో బుకింగ్ రోజే అడగండి. మా ఏజెంట్ దీని ఊసే ఎత్తలేదు.

అమ్మకి మాత్రం ఏ కార్డూ లేకుండానే ఓడలో రాజభోగం జరిగింది. మొదటి రాత్రి డైనింగ్ హాల్లో ఆవిడ రొట్టె ముక్క, సలాడ్ ఆకులు కెలుకుతూ కూర్చుంటే హెడ్ వెయిటర్ చూశాడు. కేరళ మనిషి. "రేపటికి ఏం కావాలో ఇవాళే చెప్పండి, వంటింట్లో చెప్పి చేయిస్తాను" అన్నాడు. కందిపప్పు, ఇంగువ పోపు, అన్నం, పెరుగు చాలంది అమ్మ. మర్నాడు స్టీలు గిన్నెలో పొగలు కక్కుతూ పప్పు వచ్చింది. ఎండుమిర్చి నల్లబడకుండా వేగింది, వెల్లుల్లి చితక్కొట్టి వేశారు, పైన నెయ్యి. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు కూడా సరిపోయిందిరా" అంది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. మూడో రోజు బెండకాయ వేపుడు, నాలుగో రోజు సాంబారు. దీనికి అదనంగా ఒక్క డాలరు తీసుకోలేదు, స్థాయి ఏమిటని అడగలేదు. శాకాహారులు చేయాల్సిందల్లా ముందు రోజు రాత్రే చెప్పడం. ఆ వెయిటర్‌కి చివరి రోజు విడిగా 40 డాలర్లు ఇచ్చాం, మనస్ఫూర్తిగా.

ఇప్పుడు మనవాళ్ళ లెక్క. సింగపూర్ ట్రిప్పుకి నాలుగు పాయింట్లు. డైమండ్ కావాలంటే మామూలు గదిలో 20 సార్లు వెళ్ళాలి. రెండేళ్ళకోసారి వెళ్ళినా 40 ఏళ్ళు. గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల ఓడ ఎక్కేవాళ్ళకి 12 ట్రిప్పుల్లో వచ్చేస్తుంది. కాబట్టి ఇక్కడివాళ్ళు స్థాయి కోసం కంపెనీని పట్టుకుని వేలాడటం శుద్ధ దండగ అని నా అభిప్రాయం. ఆ తేదీకి ఎవరి గది చవకో వాళ్ళది తీసుకోండి. మెంబర్‌షిప్ ఖాతా మాత్రం మీరే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా తెరుచుకోండి. రాయల్ కరీబియన్‌లో వచ్చిన పాయింట్లు ఎక్కడికీ పోవు, గడువు లేదు. ఎంఎస్‌సిలో అలా కాదు, మూడేళ్ళు ఓడెక్కకపోతే పాయింట్లు పోతాయి. అయితే వేరే కంపెనీలో మీకున్న స్థాయిని చూపిస్తే దాన్ని బట్టి ఎంఎస్‌సి వాళ్ళూ ఒక స్థాయి ఇస్తారు. యూరప్ వెళ్ళేటప్పుడు బావ అదే చేస్తానంటున్నాడు. ప్రిన్సెస్‌లో ఎలైట్ కావాలంటే 15 ట్రిప్పులు గానీ 151 రోజులు గానీ పూర్తవ్వాలి. కార్నివాల్ అయితే రోజుల లెక్క మానేసి, ఎంత ఖర్చు పెట్టారన్నదాని మీద నడిచే పద్ధతికి మారుతున్నట్టు 2025లో ప్రకటించింది. చెన్నై, విశాఖల నుంచి తిరిగిన కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. ఇప్పుడు కంపెనీ వేరు కాబట్టి అందులో గడిపిన రాత్రులు రాయల్ కరీబియన్ లెక్కలోకి రావు.

ఇంటికొచ్చి చూస్తే మా ఖాతాల్లో సున్నా. ఏజెంట్ తెరిచిన ఖాతాలో అమ్మ ఇంటిపేరు ఒక్క అక్షరం, పక్కన చుక్క. పాస్‌పోర్టులోనూ టికెట్టులోనూ ఇంటిపేరు పూర్తిగా ఉంది. నాదీ అంతే. రెండూ కలవక పాయింట్లు జమ కాలేదు. మన ఇంటిపేర్లతో ఈ తంటా ఎవరికైనా వస్తుంది, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే పెట్టండి. బుకింగ్ నంబర్లు, పాస్‌పోర్టు కాపీలు జతచేసి కంపెనీకి మెయిల్ పెడితే పేర్లు సరిచేసి తలా నాలుగు పాయింట్లు వేశారు. ఇప్పుడు నలుగురం గోల్డ్, పైసా ఖర్చు లేకుండా.

ఏజెంట్ ఆఫీసుకి రసీదు పట్టుకుని వెళ్ళాను. మొదట "అది సర్వీస్ ఛార్జీ సార్" అన్నాడు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని, రసీదులో రాసిన మాట చూపించాక 10,500 ఫోన్‌పే చేశాడు. మిగతా 3,500 కార్డుల ప్రింటింగ్‌కి అయ్యాయట. ఆ నాలుగు కార్డులూ అతని బల్ల మీద పెట్టి, సోమవారం మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను.